దారిలో ఎదురొచ్చిన వాళ్లు

ప్రశ్న: వందనాలు అక్కా. ఉద్యోగం కోసం కొత్త ఊరొచ్చి ఆర్నెల్లైంది, సంఘంలో ఎవరూ పరిచయం లేరు, ప్రార్థన చేస్తున్నా గానీ ఒంటరిగానే అనిపిస్తోంది. మొన్న బస్సులో పక్కన కూర్చున్న పెద్దావిడ నా ఫోన్‌లో బైబిల్ చూసి "నువ్వూ ప్రభువు బిడ్డవేనా తల్లీ" అని చెయ్యి పట్టుకుంది, అంతే, రోజంతా మనసు తేలిగ్గా ఉంది. ఇలా మనుషుల వల్ల ధైర్యం వస్తోందంటే నా విశ్వాసం బలహీనమనా?

జవాబు: అస్సలు కాదు చెల్లీ. బైబిల్లో అపొస్తలుల కార్యములు 28:15 తియ్యి. యేసు సువార్త ప్రకటించిన అపొస్తలుడు పౌలు ఓడ పగిలి, ద్వీపంలో 3 నెలలుండి, ఖైదీగా రోమాకి వస్తున్నాడు, అక్కడి సహోదరులు, అంటే తోటి విశ్వాసులు, కబురు తెలిసి అప్పీయా సంతపేట దాకా, అంటే దాదాపు 60 కిలోమీటర్లు, ఎదురొచ్చారు, వాళ్లని చూడగానే దేవుణ్ణి స్తుతించి ధైర్యం తెచ్చుకున్నాడు. వాళ్లేం మాట్లాడారో కూడా రాసిలేదు, వచ్చారంతే! అంతకుముందే రోమీయులకు రాసిన పత్రిక 1:12లో, మీ విశ్వాసం వల్ల నాకూ నా విశ్వాసం వల్ల మీకూ ఆదరణ కలగాలనే కోరాడు. అంతటి అపొస్తలుడికే అవసరమైంది కదమ్మా.

నాకూ ఓసారి ఆస్పత్రి వరండాలో పేరు తెలియని ఒకాయన పక్కన నిలబడి రెండు నిమిషాలు ప్రార్థన చేసి వెళ్లిపోయాడు, తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి. ఈ ఆదివారం ఆరాధన అవ్వగానే లేచి వెళ్లిపోకు, ఎవరైనా ఒంటరిగా కూర్చునుంటే పక్కకెళ్లి పేరు అడుగు.