సొమ్ము అంటే డబ్బేనా?

సందేహం: స్నేహితురాలికి ఉన్న బాకీకి రొక్కం బదులు నా కుట్టు మిషన్ ఇచ్చేశాను. కాగితం మీద 'సొమ్ము చెల్లించడమైనది' అని రాశాను. డబ్బే ఇవ్వనప్పుడు సొమ్ము చెల్లించినట్టు ఎలా అవుతుందని మా అబ్బాయి అడుగుతున్నాడు. ఇంకొకరి బాకీ వారి లెక్కలు రాసిపెట్టి తీర్చాను. దాన్నేమనాలి?

సమాధానం: అమ్మా, మీ అబ్బాయికి 'సొమ్ము' అనగానే డబ్బే గుర్తుకు రావడం ఈ కాలపు అలవాటు. బ్యాంకు కాగితాలూ వార్తలూ ఆ మాటను నోట్లకే కట్టేశాయి. 'సొమ్ము' సంస్కృత 'స్వం' నుంచి వచ్చిందని మన వైయాకరణులు చెబుతారు. స్వం అంటే తనది అనే ఆస్తి. 'సర్వస్వం' చివర ఉన్నది అదే. తనదైనది ఏదైనా సొమ్మే. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటే నాణేలే దానం చేశాడని ఎవరూ అనుకోరు. పశువులను సొమ్ములనే వారు ఇప్పటికీ ఉన్నారు, నగలను సొమ్ములనడం అందరికీ తెలుసు.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు పోతన గుర్తుకొస్తాడు. 'ఇమ్మనుజేశ్వరాధములకిచ్చి పురంబులు వాహనంబులున్ సొమ్ములుఁ గొన్ని పుచ్చుకొని' అన్న పద్యం మీకూ నోటికి వచ్చే ఉంటుంది. కావ్యం ఇచ్చి ప్రతిఫలం తీసుకోవడం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన పద్యం నాకు తెలియదు. రాజు ఇచ్చేవి ఊళ్లు, వాహనాలు, సొమ్ములు. ఇక్కడ 'కొన్ని' అన్న చిన్న మాట దగ్గర ఆగండి. డబ్బయితే 'కొంత సొమ్ము' అంటాం, 'కొన్ని సొమ్ములు' అనం. 'కొన్ని' లెక్కపెట్టే వస్తువులకు వాడే మాట. కాబట్టి పోతన సొమ్ములు ఒంటికి పెట్టుకునే నగలే అని నా నమ్మకం. ఇంకో అందం చూడండి. పద్యంలో 'ఇచ్చి' రెండుసార్లు వస్తుంది. మొదటి 'ఇచ్చి' వెనకాలే 'పుచ్చుకొని' ఉంది. రెండోది 'సమ్మతి శ్రీహరికిచ్చి చెప్పె'. దాని వెనక పుచ్చుకోవడం లేదు, చెప్పడమే ఉంది. ఒక్క క్రియను రెండు చోట్ల పెట్టి మారకానికీ సమర్పణకూ తేడా చూపించాడు. ఎన్నిసార్లు చదివినా ఆ చోట నా మనసు నిండిపోతుంది.

ఇక 'చెల్లించు'. దీనికి మూలం 'చెల్లు'. చెల్లడమంటే కుదరడం, నెరవేరడం. మొక్కు చెల్లిస్తాం, మాట చెల్లిస్తాం, కృతజ్ఞతలు చెల్లిస్తాం. వీటిలో డబ్బు ఉండి తీరాలని లేదు. పత్రికలు మాత్రం ఓడిన ప్రతివాడి చేతా 'భారీ మూల్యం' చెల్లింపజేస్తున్నాయి. 'తగిన ఫలితం అనుభవించాడు' అంటే ఎంత హాయిగా ఉంటుంది!

కాబట్టి మీ వాక్యం తప్పని నేననను. మిషన్ మీ సొమ్ము, దాన్ని ఇచ్చి బాకీ చెల్లించారు. అయినా రేపు ఆ కాగితం చదివేవారికి నోట్లే తోస్తాయి కనుక, 'రొక్కానికి బదులు కుట్టు మిషన్ ఇవ్వగా బాకీ చెల్లు' అని రాస్తే పేచీ ఉండదు. ప్రామిసరీ నోటు వెనక జమ రాసేటప్పుడు పెద్దలు 'చెల్లు' అనే వాడేవారు. అంత పొట్టిగా, అంత నిండుగా ఉన్న మాటను వదిలేసి 'వస్తు రూపేణా చెల్లింపు' అని రాయడం నాకు నచ్చదు. పైగా ఆ దీర్ఘమెక్కడిది? తృతీయా విభక్తిలో అది 'రూపేణ'. 'ఋణానుబంధ రూపేణ' అన్న శ్లోకంలోనూ హ్రస్వమే ఉంది. 'వస్తుమార్పిడి' కూడా ఇక్కడ పొసగదు, అది వస్తువుకు వస్తువు ఇచ్చుకోవడం.

లెక్కలు రాసిపెట్టడం దగ్గర మాత్రం 'సొమ్ము' వాడకండి. చేసిన పని సొమ్ము కాదు, చేతిలో పెట్టి ఇచ్చేది కాదు. 'పని చేసి బాకీ తీర్చాను' అనండి, చాలు. ఇద్దరి లెక్కా సరిపోయి ఎవరికీ ఏమీ మిగలకపోతే 'చెల్లుకు చెల్లు' అని కూడా అనొచ్చు. కాకపోతే కోపంలో అనే మాటగా కూడా అది వినిపిస్తుంది, వాడే ముందు అవతలివారి మొహం ఒకసారి చూడండి.