మత్తు ఇంజెక్షన్ చేయించుకుని బండి నడిపితే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది నరసన్నపేట. శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా అన్నయ్యకి మత్తు ఇచ్చి వీపు మీది కొవ్వు గడ్డ తీశారు. సాయంత్రమే పంపేశారు. బైక్ మీద ఒక్కడే వస్తూ మడపాం దగ్గర సైకిల్ మీద వెళ్తున్న పెద్దాయన్ని గుద్దాడు. ఆయన కాలు విరిగింది. పోలీసులు ఊదిస్తే సున్నా వచ్చింది. బండి నడపొద్దని ఎవరూ చెప్పలేదంటున్నాడు. ఆసుపత్రిని అడగొచ్చా?

జవాబు: సున్నా వచ్చిందని ధీమాగా ఉండకండి. ఆ ఊదించే మిషన్ మద్యాన్ని మాత్రమే పసిగడుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్‌లో మద్యంతో పాటు మత్తుమందు ప్రభావం కూడా ఉంది. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయితే బండిని అదుపు చేయలేని స్థితిలో ఉన్నాడని పోలీసులే రుజువు చేయాలి. కాలు విరగడం తీవ్ర గాయమే కనుక భారతీయ న్యాయ సంహిత 125(బి) కూడా పెట్టొచ్చు. దానికి మూడేళ్ల వరకు జైలు పడొచ్చు గానీ బెయిల్ వచ్చే సెక్షనే, ఆ టెన్షన్ వద్దు. ఇన్సూరెన్స్ కంపెనీ మాత్రం మత్తు కారణం చూపి బైక్ రిపేరు డబ్బు ఇవ్వననొచ్చు.

ఇక "ఎవరూ చెప్పలేదు" అన్న మాట. మీ అన్నయ్య అబద్ధం చెబుతున్నాడని నేననుకోను. మిడజోలం లాంటి మందు ఇస్తే, ఆ తర్వాత కాసేపు విన్నది గుర్తుండకపోవచ్చు. డాక్టర్ చెప్పినా చెప్పనట్టే ఉంటుంది. అందుకే 24 గంటలు బండి నడపొద్దన్న సంగతి కాగితం మీద రాసివ్వాలి, వెంట వచ్చిన మనిషికి చెప్పాలి, ఆ మనిషి లేకుండా పంపకూడదు. బిల్లు కౌంటర్ దగ్గర పది కాగితాల్లో ఇంగ్లీషులో ఒక లైను పెట్టి సంతకం తీసుకుంటే, నా దృష్టిలో అది చెప్పినట్టు కాదు. ఒంటరిగా పంపేసి ఉంటే అది సేవాలోపమని గట్టిగా వాదించొచ్చు. డబ్బు తీసుకుని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. రెండేళ్లలోపు శ్రీకాకుళం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు. అంతమాత్రాన క్రిమినల్ కేసు పోదు, కానీ అక్కడా మీ వకీలుకి ఇది పనికొస్తుంది.

ముందు రేపే ఆసుపత్రికి వెళ్లి కేస్ షీట్, మత్తు ఇచ్చిన నోట్స్, సమ్మతి పత్రం, డిశ్చార్జి కాగితం కాపీలు కావాలని రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నిబంధనల్లో ఉంది. అర్జీ నకలు మీద స్టాంపు వేయించుకోండి. వెంట వచ్చినవారి సంతకం ఉండాల్సిన చోట ఎవరి సంతకం ఉందో చూడండి.