అది ముడుపు కాదండీ

ఐర్లాండ్‌లో పవిత్ర బావుల దగ్గర చెట్లకు గుడ్డపీలికలు కడతారట, అది మన ముడుపులాంటిదేనా అని అడిగారు. కాదండీ. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

డబ్లిన్ వచ్చిన రెండో ఏడు, ఫిబ్రవరి 1న, కిల్డేర్ దగ్గరున్న సెయింట్ బ్రిజిడ్ బావికి వెళ్లాం. బ్రిజిడ్ అంటే ఐర్లాండ్ వాళ్లు కొలిచే క్రైస్తవ సాధ్వి, ఆ రోజు ఆవిడ పండగ. బావి అంటే గిలక, చేద ఉండేది కాదు, నేలలోంచి ఉబికే ఊట. అమ్మ మోకాళ్ల నొప్పుల కోసం కడదామని మెరిసే రిబ్బన్ ఒకటి కొనుక్కెళ్లాను. పక్కనే ఒక పెద్దావిడ తన చేతిరుమాలు అంచు చించి, నీళ్లలో ముంచి, మేజోడు కిందికి జరిపి మోకాలంతా మెల్లగా రుద్దుకుంది. ఆ తడి పీలికనే కొమ్మకు కట్టింది. నా రిబ్బన్ చూసి తల అడ్డంగా ఊపింది. "అది చివకదు. గుడ్డ చివికితేనే నొప్పి పోతుంది" అంది.

అంటే కోరిక కోరుకోవడం కాదు, జబ్బును అక్కడ వదిలేసి రావడం. మనం దిష్టి తీసి పారేస్తామే, దానికి దగ్గర. మావాడు ఒక పీలిక లాగబోతే ఆవిడ గబుక్కున చెయ్యి పట్టుకుంది. విప్పినవాళ్లకు ఆ జబ్బు అంటుకుంటుందట.

ఇప్పుడు చూడండి, నైలాన్ రిబ్బన్లు, ప్లాస్టిక్ పూసలు! అవి ఏ జన్మకు చివకాలి? పైగా కొమ్మకు బిగుసుకుని చెట్టు ప్రాణం తీస్తున్నాయి. మనవాళ్ల వ్లాగుల్లోనేమో "కోరికలు తీర్చే చెట్టు" అని ఒకటే ఊదరగొట్టడం. ఆ వీడియోలు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇక్కడి కాథలిక్కులను అణచడానికి తెచ్చిన 1704 నాటి చట్టం ఈ బావుల దగ్గర గుమిగూడితే 10 షిల్లింగుల జరిమానా, కట్టలేకపోతే కొరడా దెబ్బలు అంది. అయినా జనం మానలేదు. పవిత్ర బావి నీళ్లు ఎంత కాచినా మరగవనీ, అందులో బట్టలుతికితే బావి అలిగి రాత్రికి రాత్రే వేరే చోటికి వెళ్లిపోతుందనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి చోట ప్లాస్టిక్ కట్టడానికి చేతులెలా వస్తాయో!

ఆ రోజు రిబ్బన్ జేబులో పెట్టేసి, అమ్మ పంపిన నూలు చున్నీ అంచు చించి కట్టాను. ఆ వేసవికి అమ్మ మేడ మెట్లు ఎక్కింది. మందుల వల్లే అంటాడు అన్నయ్య. నేను ఒప్పుకోను.