రెండు రోజుల ప్రాగ్‌కి రెండేళ్ళ ఈఎంఐలా?

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. కూకట్‌పల్లిలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. జీతం చేతికి 68,000 వస్తుంది. అద్దె 14,000, ఇంటికి పంపేది 15,000, బైక్ ఈఎంఐ 6,200, ఫోన్ ఈఎంఐ 4,800. క్రెడిట్ కార్డు బాకీ 62,000 ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ 3,100 కడుతున్నాను. కార్డు లిమిట్ లక్షన్నర. సేవింగ్స్ ఖాతాలో 41,000 ఉన్నాయి. అక్టోబరులో కంపెనీ మూడు వారాలకు జర్మనీలోని మ్యూనిక్ పంపిస్తోంది. ఒక వారాంతం ఒక్కడినే పక్క దేశం చెక్ రిపబ్లిక్‌లోని ప్రాగ్ వెళ్ళి ఊరంతా నడిచి చూడాలని కోరిక. యాప్‌లో 1,20,000 లోన్ 24 శాతానికి రెండేళ్ళకు ఇస్తామంటున్నారు. అది తీసుకోవాలా, కార్డు మీద ఖర్చుపెట్టి ఈఎంఐగా మార్చుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తాయి. ఊరి పేరు మారుతుంది, తప్పు మాత్రం ఒకటే. అందుకే మీకు విడిగా కాకుండా ఇక్కడే రాస్తున్నాను.

ముందు మీరు పంపిన ఖర్చుల పట్టిక చూద్దాం. 1,20,000లో కెమెరాకే 70,000. జాకెట్, బూట్లు, ట్రాలీ బ్యాగు కలిపి 25,000. అసలు ప్రాగ్‌కి, అంటే బస్సుకి, బసకి, తిండికి మీరు వేసుకున్నది 25,000. మరి ఈ లోన్ ప్రయాణానికా, ఫొటోలకా? అప్పు చేసి పప్పుకూడు అంటారు. ఇక్కడ పప్పుకూడు వాటా నాలుగో వంతు కూడా లేదు.

ఆ లోన్ ఈఎంఐ నెలకు సుమారు 6,340. రెండేళ్ళకు వడ్డీ 32,000 పైమాటే, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ప్రయాణం ఖర్చు కన్నా వడ్డీయే ఎక్కువ. ఐదు నిమిషాల్లో డబ్బు ఖాతాలో పడుతుందని ఆ యాప్ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. అంత తొందరగా ఇస్తున్నారంటే మీరు వడ్డీ లెక్క వేసుకోకముందే ఇచ్చేయాలని. కార్డు ఈఎంఐ గురించి ఒక్క మాట: పాత బాకీ తీరకుండా దాని మీద కొత్తది ఎక్కించొద్దు.

ఆ బాకీ సంగతి మీరు ఏదో మామూలు విషయంలా రాశారు. నెలకు మూడున్నర శాతం వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తే 62,000కి నెలకు 2,560 అవుతుంది. మీరు కట్టే 3,100లో అసలుకు జమయ్యేది 540. పైగా బాకీ ఉన్నంతకాలం కొత్తగా ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఈరోజే కార్డు బీరువాలో పెట్టేయండి.

ఇక నా అసలు గోల అత్యవసర నిధి. మీకు లేదు. 41,000 ఉందిగా అంటారు. కార్డు కిస్తీ పక్కన పెట్టినా అద్దె, ఇల్లు, ఈఎంఐలు, తిండి కలిపి నెలకు 50,000 తప్పనిసరిగా పోయే మనిషికి అది నాలుగు వారాలు కూడా రాదు. కనీసం మూడు నెలలది, లక్షన్నర ఉండాలి. ఇన్సూరెన్స్ ఉంటే చాలు, నిధి ఎందుకు అని వాదించేవాళ్ళకు నా క్లయింట్ ఒకావిడ కథ చెబుతుంటాను.

ఆవిడా మీలాగే ఒక్కతే ప్రాగ్ వెళ్ళింది. కొండ మీది కోట నుంచి కింద మాలా స్ట్రానా అనే పాత పేట వైపు దిగే నెరూదోవా వీధి బాగా వాలు. అక్కడ రోడ్డు అంటే తారు కాదు, పిడికెడంత రాళ్ళు పక్కపక్కనే పరిచి ఉంటాయి. సన్నగా వాన పడితే సబ్బు రాసినట్టు ఉంటాయి. చీలమండ మడతపడింది. ఎక్స్‌రే, కట్టు, చేతికర్ర అన్నీ కలిపి 6,000 కొరునాల బిల్లు. కొరునా అంటే అక్కడి కరెన్సీ, ఒకటి దాదాపు నాలుగు రూపాయలు. వీసా కోసం తీసిన పాలసీ బ్యాగులోనే ఉంది, 30,000 యూరోల కవర్. కానీ ఆ పాలసీలో డబ్బు కట్టకుండా వైద్యం ఆసుపత్రిలో చేరితేనే. ఓపీ బిల్లు మనమే కట్టి, రసీదులు పెట్టి, తర్వాత రాబట్టుకోవాలి. కార్డు ఇచ్చింది, డిక్లైన్ అయింది. లిమిట్ నిండిపోయి ఉంది. హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటాక తమ్ముణ్ణి నిద్రలేపి డబ్బు వేయించుకుంది. క్లెయిమ్ వచ్చింది, డిడక్టిబుల్ (మనమే భరించాల్సిన వాటా) పోను, ఆరు వారాలకు.

చాలా పాలసీలు ఇంతే. మీకు ఇంకో చిక్కు కూడా ఉంది. కంపెనీ తీసే పాలసీ ఆఫీసు పనికి. శని, ఆదివారాలు సొంతంగా ఇంకో దేశం వెళ్తే వర్తిస్తుందో లేదో హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి, నోటిమాటగా కాదు. వర్తించదంటే ఆ రోజులకు విడిగా పాలసీ తీసుకోండి. మీది షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు ఒక్కటే చెల్లేది, కాబట్టి చెక్ రిపబ్లిక్‌కు వేరే వీసా అక్కర్లేదు.

ప్రయాణం మానుకోమని నేను అనడం లేదు. ఇప్పుడు జూన్. కిస్తీలు పోను మీకు నెలకు 24,900 మిగులుతోంది. అందులో 15,000 తీసి, ఇప్పుడు కట్టే 3,100కి కలిపి కార్డుకు కట్టండి. నాలుగో నెలకు, అంటే విమానం ఎక్కేలోపు, బాకీ సున్నా. మిగిలిన పదివేలలో తిండి, పెట్రోలు. నాలుగు నెలలు వారాంతాల బిర్యానీలు తగ్గుతాయి, తప్పదు. ఆ 41,000 కూడా కార్డుకే కట్టేయమనే సలహాదారులు ఉన్నారు. వడ్డీ లెక్కలో వాళ్ళ మాట సరైనదే. అయినా నేను ఒప్పుకోను. ఖాతా ఖాళీగా ఉన్నవాడికి ఏ చిన్న కష్టం వచ్చినా మళ్ళీ ఆ యాప్ దగ్గరికే పోతాడు.

ప్రాగ్ ఖర్చు? కంపెనీ రోజుకు 45 యూరోలు ఇస్తుందని మీరే రాశారు. కుక్కర్, కందిపప్పు, రెండు పచ్చడి సీసాలు తీసుకెళ్ళండి. రోజుకు 10 మిగిల్చినా 20 రోజులకు 200 యూరోలు. బస్సు, హాస్టల్‌లో మంచం ముందే బుక్ చేసుకుంటే రెండు రోజులకు సరిపెట్టుకోవచ్చు.

ఎందుకంటే ప్రాగ్‌లో బాగున్నవాటిలో చాలా వాటికి టికెట్ లేదు. పౌడర్ టవర్ దగ్గర మొదలుపెట్టి కోట దాకా నడవండి, బొహీమియా (ఇప్పటి చెక్ ప్రాంతపు పాత రాజ్యం) రాజులు పట్టాభిషేకానికి ఊరేగిన దారి అది. మధ్యలో 1410 నాటి ఖగోళ గడియారం, గంట కొట్టినప్పుడల్లా పైన కిటికీల్లో అపోస్తలుల బొమ్మలు తిరుగుతాయి. చార్లెస్ బ్రిడ్జికి మాత్రం తెల్లవారుజామునే వెళ్ళండి. 1357లో మొదలైన వంతెన, 516 మీటర్లు, 30 విగ్రహాలు. తొమ్మిది దాటితే మన ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లా ఉంటుంది, విగ్రహాల కన్నా సెల్ఫీ కర్రలే ఎక్కువ కనిపిస్తాయి. కోట ప్రాంగణాలు ఉచితం, లోపలి భవనాలకే టికెట్. రెండో రోజు విషెహ్రాడ్ కొండ ఎక్కండి. జనం తక్కువ, కింద వల్టావా నది, శ్మశానంలో సంగీతకారుడు ద్వోర్జాక్ సమాధి. నాకైతే కోట కన్నా అదే ఇష్టం.

డబ్బు విషయంలో: అక్కడ యూరో కాదు, కొరునా. ఏటీఎంలో గానీ, దుకాణంలో గానీ రూపాయల్లో లెక్కగట్టమంటారా అని అడిగితే వద్దని కొరునాల్లోనే తీసుకోండి. వీధిలో నోట్లు మారుస్తామని వచ్చేవాళ్ళతో మాట కలపకండి. మార్పిడి దుకాణంలో రేటు బాగాలేదని తర్వాత తెలిస్తే, 1,000 యూరోల లోపు అయితే మూడు గంటల్లో రద్దు చేసుకునే హక్కు అక్కడి చట్టం ఇచ్చింది. రసీదు దాచుకోండి. టీసీఎస్, అంటే విదేశాలకు పంపే డబ్బు మీద ముందే వసూలు చేసే పన్ను, దాని గురించి టెన్షన్ వద్దు, మీ మొత్తాలకు అది రాదు.

కెమెరా ఊసు ఎత్తకండి. 4,800 కిస్తీ కట్టే ఫోన్ జేబులోనే ఉందిగా. బూట్లు మాత్రం కొనుక్కోండి, అడుగు పట్టు ఉన్నవి, మూడు వేలలోపు. సెప్టెంబరులోనే కొని, వాన పడిన రోజు వేసుకుని కేపీహెచ్‌బీ అంతా ఒక రౌండ్ నడిచి చూడండి.