కంప్యూటర్ ముట్టుకోని అమ్మాయికి సీఎస్‌ఈ సాధ్యమేనా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసింది, ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ (సీఎస్‌ఈ)లో చేరతానంటోంది గానీ ఇంతవరకు కంప్యూటర్ ముట్టుకోలేదు. మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి నుంచే కోడింగ్ చేస్తున్నాడు. ఆ బ్రాంచి అలాంటి మగపిల్లలకే సరిపోతుందని, ఆడపిల్లకు ఎలక్ట్రానిక్స్ బ్రాంచి (ఈసీఈ) మేలని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అన్నగారి అబ్బాయి ముందున్న మాట నిజమే. అయితే అతనికి అదనంగా ఉన్నది కంప్యూటర్ ముందు గడిపిన గంటలే గాని తెలివి కాదు. అమెరికాలో 1984 ప్రాంతంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీలు పొందినవారిలో దాదాపు 37 శాతం మహిళలుండగా, 2010 నాటికి ఆ వాటా సుమారు 18 శాతానికి పడిపోయింది. ఇంటింటికీ వచ్చిన కంప్యూటర్ ఎక్కువగా కొడుకుల గదుల్లోకే చేరడం అందుకు ఒక ముఖ్య కారణమని పరిశోధకులు చెబుతారు. అక్కడి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ప్రోగ్రామింగ్ అనుభవం లేనివారికి వేరుగా ప్రారంభ కోర్సులు పెట్టి, ప్రవేశాల్లో ఆ అనుభవానికిచ్చే ప్రాధాన్యాన్ని తగ్గించింది. 1995లో 7 శాతమున్న అమ్మాయిల ప్రవేశాలు 2000 నాటికి 42 శాతానికి చేరాయి.

మన దగ్గర సీట్ల సమస్య అంతగా లేదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌లో మూడో వంతు సీట్లు అమ్మాయిలవే. అసలు తేడా ల్యాబులో మొదలవుతుంది. ఇద్దరికొక సిస్టమ్ ఇచ్చిన చోట తరచుగా అబ్బాయి కీబోర్డు దగ్గర కూర్చుంటే, చేతిరాత బాగుందని అమ్మాయి చేత ఇద్దరి రికార్డులూ రాయిస్తారు. రెండు సెమిస్టర్లు అలా గడిస్తే మార్కులు సమానంగానే వస్తాయి, చేతికి పట్టు మాత్రం ఒకరికే చిక్కుతుంది.

కంప్యూటర్‌కు భయపడి ఈసీఈ తీసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆ బ్రాంచిలో చదివినవారిలోనూ చాలామంది చివరికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకే వెళ్తున్నారు, అక్కడ రాయవలసింది ప్రోగ్రాములే. సర్క్యూట్లంటే ఆమెకే ఇష్టముంటే అది వేరే సంగతి.

వెబ్ ఆప్షన్లలో అనంతపురం, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలను ముందు పెట్టి, ఆ తర్వాతే ప్రైవేటు కాలేజీలను చూడండి. ఏ కాలేజీకి వెళ్లినా సాయంత్రం ల్యాబు ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుందో, అమ్మాయిల హాస్టల్ గేటు ఎప్పుడు మూస్తారో రెండూ కలిపి అడగండి. కుటుంబ వార్షికాదాయం 8 లక్షల రూపాయలు మించకపోతే కేంద్ర సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అమ్మాయిలకిచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేయించండి. ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి.

క్లాసులు మొదలయ్యేలోగా పాతదైనా ఒక లాప్‌టాప్ ఆమె పేరనే కొనిపెట్టండి. రోజూ రెండు గంటలు సీ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాయమనండి. పెదనాన్న కొడుకు చేత చెప్పించుకోవచ్చు గానీ, టైపు చేయవలసింది మాత్రం మీ అమ్మాయే.