లిస్బన్ దాటి ఒక రోజు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోర్చుగల్ రాజధాని లిస్బన్ నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రానికి తిరిగివచ్చే యాత్రల గురించి అందిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: నాకు 67 ఏళ్లు, మావారికి 71. జూన్‌లో జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. మధ్యలో మేమిద్దరమే నాలుగు రోజులు లిస్బన్‌లో ఉంటాం. లిస్బన్ దగ్గర కొండ మీద ఉన్న సింట్రా ఊరు చూడాలని నా కోరిక. రైలెక్కి మీరే వెళ్లిరావచ్చని అమ్మాయి అంటోంది, ఎనిమిదిమందిని వ్యాన్‌లో తీసుకువెళ్లే టూర్ మేలని మావారు అంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సింట్రా వరకు చేరడమే ప్రశ్న అయితే మీ అమ్మాయి మాటే సరైనది. లిస్బన్ నడిబొడ్డున ఉన్న రొసియు స్టేషన్ నుంచి సింట్రాకు లోకల్ రైళ్లు రోజంతా నడుస్తాయి, ప్రయాణం సుమారు 40 నిమిషాలు, ఖర్చు కూడా టూర్ ధరతో పోలిస్తే నామమాత్రం. ఇబ్బంది రైలు దిగిన తర్వాత మొదలవుతుంది. అందరూ చూడాలనుకునే పెన ప్యాలెస్ ఊరికి చాలా ఎత్తున, కొండ శిఖరం మీద ఉంటుంది. స్టేషన్ దగ్గర నుంచి కొండ మీదికి తిరిగే 434 నంబరు బస్సు కోసం జూన్‌లో బారులు తీరిన జనంతో పాటు ఎండలో నిలబడాలి. బస్సు దిగాక కూడా పార్కు గేటు నుంచి ప్యాలెస్ దాకా ఎక్కుడు దారే. గేటు నుంచి పైకి చేరవేసే చిన్న బస్సు ఒకటి ఉంది, దాని రుసుము మీరు కొనే టికెట్‌లో కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి. మోకాళ్ల నొప్పులతో ఇవన్నీ సొంతంగా చేసుకునే కంటే వ్యాన్‌లో వెళ్లడమే మీకు సుఖమని మా అభిప్రాయం. ఈ ఒక్క విషయంలో మేము మీవారి పక్షం.

అయితే ఏ టూర్ తీసుకోవాలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. లిస్బన్‌లో అమ్మే సింట్రా టూర్లలో ఎక్కువ భాగం పెన ప్యాలెస్, సింట్రా పాత ఊరు, రెగలైర తోట, కాబు ద రోక అనే భూశిరం, కష్కైష్ అనే సముద్రతీర పట్టణం అన్నింటినీ ఎనిమిది తొమ్మిది గంటల్లో చూపిస్తామంటాయి. జాబితా పొడుగ్గా ఉంటే డబ్బుకు తగిన ప్రతిఫలం దక్కుతుందని మనకు అనిపించడం సహజం. కాగితం తీసుకుని ఒకసారి లెక్క వేయండి. ప్రయాణానికి రెండున్నర గంటలు, భోజనానికి గంటంబావు తీసేస్తే మిగిలిన సమయాన్ని ఐదు చోట్లకు పంచాలి. ఒక్క పెన పార్కునూ ప్యాలెస్‌నూ నింపాదిగా చూడటానికే రెండున్నర గంటలు పడుతుంది, మీ నడకకు మూడు అనుకోండి. కాబట్టి టూర్లను పోల్చేటప్పుడు తక్కువ చోట్ల ఎక్కువసేపు ఆగేదాన్నే ఎంచుకోండి. ఎక్కడ ఎంతసేపు ఆగుతారో ప్రకటనలో రాయని సంస్థకు ఉత్తరం రాసి అడగండి. జవాబు రాకపోతే ఆ సంస్థను వదిలేయవచ్చు.

ప్రకటనలోని మాటలను కూడా జాగ్రత్తగా చదవాలి. ‘పెన సందర్శన’ అన్నప్పుడు అది ప్యాలెస్ లోపలి గదులా, పార్కూ పైనున్న వరండాలూ మాత్రమేనా, లేక దూరం నుంచి ఒక ఫొటోయేనా అన్నది తేల్చుకోవాలి. లోపలి గదుల టికెట్ మీద ప్రవేశ సమయం ముద్రించి ఉంటుంది, ఆ సమయం దాటితే లోపలికి పంపరు. అందువల్ల చాలా సంస్థలు పార్కు టికెట్‌తోనే సరిపెడతాయి. అది మోసమేమీ కాదు, కానీ ముందే తెలిసి ఉండాలి. మా మాట అడిగితే, గదులు చూడకపోయినా పెద్దగా నష్టం లేదు. రాణి రెండవ మరియా భర్త, జర్మన్ రాజవంశీకుడు అయిన ఫెర్దినాందు, 1755 నాటి భూకంపంలో దెబ్బతిన్న ఒక పాత మఠాన్ని 1838లో కొని, దాని చుట్టూ ఎరుపు, పసుపు రంగుల బురుజులతో కట్టించుకున్న ఆ వేసవి విడిది సొగసంతా బయటే ఉంది. చుట్టూ ఆయన పెంచిన అడవి లాంటి తోట కూడా అంతే ముఖ్యం. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది కూడా ఏదో ఒక భవనానికి కాదు, కొండలు, తోటలు, కట్టడాలు కలిసిన సింట్రా ప్రాంతానికి.

రెగలైర తోటలో అందరూ ఫొటోలు తీసుకునే బావి 27 మీటర్ల లోతు ఉంటుంది, దాని అంచు వెంట మెలికలు తిరుగుతూ తడి మెట్లు దిగాలి. అది మీకు వద్దు. దానికి బదులు ఊరి మధ్యలో, 33 మీటర్ల ఎత్తున శంఖాల్లా లేచిన రెండు తెల్లని వంటశాల పొగగొట్టాలతో దూరం నుంచే గుర్తుపట్టగలిగే పాత రాజభవనం చూడండి. లోపల కొన్ని మెట్లు ఉన్నా కొండ ఎక్కే పని లేదు. సమయం ఉండి, మీ టూర్ ఆ దారిన వెళ్లేదైతే మొంసెరాత్ ప్యాలెస్ తప్పక చూడండి. ఇంగ్లండుకు చెందిన బట్టల వ్యాపారి ఫ్రాన్సిస్ కుక్ 19వ శతాబ్దంలో కట్టించిన ఆ భవనంలో భారతీయ శైలి నగిషీలు కనిపిస్తాయి. పెనతో పోలిస్తే జనం కూడా తక్కువ. టూర్లు దీన్ని ఎందుకు ఇంతగా వదిలేస్తాయో మాకు అర్థం కాదు.

కాబు ద రోక ఐరోపా ప్రధాన భూభాగానికి పడమటి చివర. సుమారు 140 మీటర్ల ఎత్తున్న కొండచరియ, ఒక లైట్‌హౌస్, కవి కమోయిన్ష్ మాట చెక్కిన ఒక రాతి స్తంభం, జూన్‌లోనూ శాలువా కప్పుకోవలసినంత గాలి – ఇవే అక్కడి విశేషాలు. అరగంట చాలు. అక్కడికి వచ్చి వెళ్లినట్టు పేరు రాసి ఇచ్చే సర్టిఫికెట్‌ను డబ్బు పెట్టి కొనడం మీ ఇష్టం.

చివరిగా, కష్కైష్ మీ టూర్‌లో ఆఖరి మజిలీ అయితే గైడ్‌కు చెప్పి అక్కడే దిగిపోవచ్చు. సముద్రాన్నీ తేజు నది ముఖద్వారాన్నీ ఆనుకుని వెళ్లే లోకల్ రైలు 40 నిమిషాల్లో లిస్బన్‌లోని కయిష్ దు సొద్రె స్టేషన్‌కు చేరుస్తుంది. సాయంత్రం రద్దీలో వ్యాన్ కిటికీలోంచి ముందున్న కార్లను చూస్తూ కూర్చోవడం కంటే అది హాయి. ఇద్దరి పాస్‌పోర్టులూ వెంట ఉంచుకోండి, 65 దాటినవారికి సింట్రా భవనాల్లో టికెట్ ధర తగ్గుతుంది. లిస్బన్‌లో ఎండ కాస్తున్నా పెన కొండ పొగమంచులో మునిగి ఉండటం మామూలే. వేసవిలో కార్చిచ్చు ప్రమాదం మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో కొండ మీది పార్కులను మూసివేస్తారు కూడా. అందుకే సింట్రాను మీ నాలుగు రోజుల్లో ఆఖరి దానికి వదలకండి.

ప్రశ్న: మేము క్యాథలిక్కులం. ఏటా గుణదల ఉత్సవాలకు వెళ్తాం. ఫాతిమా మాత క్షేత్రాన్ని దర్శించాలన్నది మా అమ్మ చిరకాల కోరిక. లిస్బన్ నుంచి ఫాతిమా, బతాల్య, నజరే, ఒబిదుష్ నాలుగూ ఒకే రోజులో చూపించే చిన్న బృందం టూర్ ఉంది. అది సరిపోతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అమ్మగారి కోరిక తీరాలంటే సరిపోదు. లిస్బన్ నుంచి ఫాతిమా సుమారు 125 కిలోమీటర్లు. నాలుగు ఊళ్ల టూర్‌లో అక్కడ దొరికేది గంట, మహా అయితే గంటన్నర. 1917 మే 13 నుంచి అక్టోబరు 13 వరకు లూసియా, ఫ్రాన్సిస్కు, జసింత అనే ముగ్గురు పశువుల కాపరి పిల్లలకు మరియమాత దర్శనమిచ్చిందని విశ్వసించే స్థలంలో చిన్న ప్రార్థనాలయం ఉంది. దాని ఎదుట విశాలమైన ప్రాంగణం, ఒక కొసన 1953లో ప్రతిష్ఠించిన పాత బసిలికా (పెద్ద చర్చి), మరో కొసన 2007లో ప్రారంభమైన, 8,000 మందికి పైగా కూర్చోగల కొత్త బసిలికా ఉన్నాయి. పాత బసిలికాలో ఆ ముగ్గురి సమాధులు ఉన్నాయి. వారిలో ఫ్రాన్సిస్కు, జసింతలను పోప్ ఫ్రాన్సిస్ 2017 మే 13న, దర్శనాలకు నూరేళ్లు నిండిన రోజున, అక్కడే పునీతులుగా ప్రకటించారు. ఇవన్నీ గంటలో చుట్టి రావడం సాధ్యమే. కానీ ఆ క్షేత్రానికి ప్రాణమనదగింది రాత్రి జరిగే జపమాల, కొవ్వొత్తుల ఊరేగింపు. వేసవి నెలల్లో అది ప్రతి రాత్రీ ఉంటుంది. అప్పటికి మీ టూర్ వ్యాన్ లిస్బన్ చేరిపోయి ఉంటుంది.

అందుచేత ఫాతిమాకు టూర్ కాకుండా బస్సులో వెళ్లి ఒక రాత్రి ఉండండి. లిస్బన్‌లోని సెత్ రియుష్ బస్టాండు నుంచి గంటన్నర ప్రయాణం. రైలు మాత్రం ఎక్కకండి. ఫాతిమా అన్న పేరుతోనే రైల్వే స్టేషన్ ఒకటి ఉంది, అది క్షేత్రానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. మే నుంచి అక్టోబరు వరకు ప్రతి నెలా 12, 13 తేదీల్లో యాత్రికుల రద్దీ విపరీతంగా ఉంటుంది. ఆ జనసందోహాన్నే చూడాలనుకుంటే బస ముందుగానే ఖాయం చేసుకోండి, ప్రశాంతత కావాలంటే ఆ తేదీలు తప్పించండి.

మిగిలిన మూడింటి సంగతి వేరు. వాటికి చిన్న బృందం టూర్ బాగా నప్పుతుంది, ఎందుకంటే ఒకదాని నుంచి మరొకదానికి బస్సులు కలుపుకుంటూ పోవడం కష్టం. పొరుగు రాజ్యమైన కస్తీలియా సైన్యంపై 1385 ఆగస్టు 14న అల్జుబరోత యుద్ధంలో గెలిస్తే మరియమాతకు గుడి కట్టిస్తానని మొదటి జువాంవు రాజు మొక్కుకున్న మొక్కే బతాల్య మఠం. దాని వెనుక పైకప్పు పడకుండానే నిలిచిపోయిన మందిరాల దగ్గర ఎక్కువసేపు గడపండి. ఒబిదుష్ ప్రాకారం లోపల ఇమిడిన చిన్న ఊరు, గంట చాలు. నజరే గురించి ఒక హెచ్చరిక: ప్రకటనల్లో కనిపించే కొండంత అలలు అక్టోబరు నుంచి మార్చి వరకు మాత్రమే, అదీ తుపానుల రోజుల్లోనే వస్తాయి. తీరానికి ఎదురుగా సముద్రగర్భంలో ఉన్న లోతైన అగాధం అలల శక్తిని ఒకచోటికి మళ్లించడం వల్ల అవి అంత ఎత్తు లేస్తాయి. 2020 అక్టోబరు 29న జర్మనీకి చెందిన సెబాస్టియన్ స్టాయిట్నర్ 26.21 మీటర్ల అల మీద సర్ఫింగ్ చేసి రికార్డు నెలకొల్పింది అక్కడే. వేసవిలో వెళ్తే కనిపించేది మన సూర్యలంకలాగే పిల్లలు ఆడుకునే బీచ్.

ప్రశ్న: గుడ్డు కూడా ముట్టని శాకాహారులం. టూర్‌లో భోజనం ఎలా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: భోజనం కలిపిన టూర్ తీసుకోకండి. వారు చూపించే హోటల్లో మీకు మిగిలేది సలాడ్, బంగాళాదుంప వేపుడు, రొట్టె. బయట తినేటప్పుడు ‘సెం కార్నె, సెం పెయ్ష్, సెం ఓవుష్’ అని చెప్పండి. మాంసం, చేప, గుడ్డు లేకుండా అని దాని భావం. ఆకుకూర సూప్‌లా కనిపించే కల్దు వెర్ద్‌లో సాధారణంగా పంది సాసేజ్ ముక్క వేస్తారు. లిస్బన్ పేరు చెబితే గుర్తొచ్చే పష్తెల్ ద నాత, సింట్రా ప్రత్యేకతలైన కైజాద, త్రవెసైరు – ఈ మూడు మిఠాయిల్లోనూ గుడ్డు ఉంటుంది. హోటల్లో కూర్చోగానే అడగకుండా తెచ్చిపెట్టే రొట్టె, ఆలివ్‌లు, చీజ్ ఉచితం కావు, తింటే బిల్లులో వేస్తారు. వద్దంటే తీసుకుపోతారు, ఎవరూ ఏమీ అనుకోరు. లిస్బన్‌లోని మర్తీం మొనీష్ ప్రాంతంలో మన సరుకుల దుకాణాలు ఉన్నాయి. వంటగది ఉన్న బస దొరికితే ఉదయాన్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోవడమే అన్నిటికంటే నిశ్చింత. వ్యాన్‌లో తిననివ్వరు కాని పెన పార్కులో చెట్ల కింద కూర్చుని తినవచ్చు. ఇంటి నుంచి పచ్చళ్లు, పొడులు తెచ్చుకోండి కాని నెయ్యి, పెరుగు వంటి పాల పదార్థాలను బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి వెంట తేవడం నిషిద్ధం.

ప్రశ్న: డబ్లిన్‌లో ఉంటాం, మా బాబుకు ఆరేళ్లు. ‘చిన్న బృందం’ అంటే సరిగ్గా ఎంతమంది? పిల్లలను తీసుకువెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, డబ్లిన్

జవాబు: ఆ మాటకు చట్టంలో నిర్వచనం లేదు. 16 మందిని ఎక్కించుకునే మినీబస్సు వారు కూడా అదే మాట వాడతారు. ఎక్కువగా ఎనిమిదిమంది ఉండటానికి కారణం ఏమిటంటే, ఐరోపా సమాఖ్యలో సాధారణ కారు లైసెన్సుతో డ్రైవరు కాక ఎనిమిదిమందిని మాత్రమే ఎక్కించుకోవచ్చు, అంతకు మించితే వేరే లైసెన్సు కావాలి. ఈ వ్యాన్లలో డ్రైవరే గైడ్ కావడం వల్ల, బండి నిలిపే చోటు దొరకని ఊళ్లలో ఆయన మీతో లోపలికి రాలేడు. ప్యాలెస్ లోపల కూడా ఎవరైనా వివరిస్తారా అన్నది ముందే అడగండి. పోర్చుగల్‌లో 12 ఏళ్లలోపు, 135 సెంటీమీటర్ల కంటే తక్కువ ఎత్తున్న పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. బుక్ చేసేటప్పుడే బాబు వయసు, ఎత్తు రాయండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో కొన్నదేదైనా 14 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చని ఐరోపాలో చట్టం ఉందని విన్నాను. ఇది టూర్‌కు వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వర్తించదు. ఫలానా తేదీకని నిర్ణయించిన వినోద సేవలను ఆ నియమం నుంచి మినహాయించారు. రాత్రి బస లేకుండా 24 గంటల్లోపు ముగిసే యాత్రలకు, ప్యాకేజీ టూర్ కొన్నవారికి ఉండే ప్రత్యేక రక్షణ కూడా లేదు. అంటే రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రావడం పూర్తిగా ఆ సంస్థ షరతుల మీదే ఆధారపడుతుంది. ముందు రోజు వరకు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది కాస్త ఖరీదైనా అదే తీసుకోండి. కనీస సంఖ్యలో జనం రాకపోతే సంస్థే టూర్ ఆపేసే షరతు ఉందేమో కూడా చూడండి. పోర్చుగల్‌లో ఇలాంటి సంస్థలు జాతీయ పర్యాటక శాఖ దగ్గర నమోదై ఉండాలి. ‘ఆర్‌ఎన్‌ఎఎటి’ అన్న అక్షరాలతో ఉండే ఆ నంబరు వెబ్‌సైటు అడుగున కనిపిస్తుందేమో వెతకండి. సేవలో లోపం జరిగితే ఫిర్యాదుల పుస్తకం అడిగే హక్కు మీకు ఉంది. అక్కడ ప్రజలకు సేవలందించే ప్రతి వ్యాపారీ దాన్ని ఉంచి తీరాలి, ఆన్‌లైన్‌లో కూడా రాయవచ్చు.