పంచదార, ప్యాకెట్ తిండి తగ్గిస్తే ఒంట్లోనూ మనసులోనూ నిజంగా తేడా తెలుస్తుందా? మీ అనుభవం ఏమిటి?

తెలుస్తుందండీ. అయితే యూట్యూబులో చెప్పినట్టు వారానికే మొహం వెలిగిపోవడం, కొండలు పిండి కొట్టే ఓపిక రావడం లాంటివి నాకేమీ జరగలేదు. ఒంట్లో తేడా రక్తపరీక్ష కాగితం మీద కనబడింది. మనసులో తేడా నాకంటే ముందు మా షాపు కుర్రాడు కనిపెట్టాడు. "ఈమధ్య సాయంత్రాలు కేకలెయ్యట్లేదేంటండీ" అన్నాడు ఒకరోజు.

నాది తణుకులో మెడికల్ షాపు. మా నాన్నగారికి షుగరు, అన్నయ్యకి షుగరు, నాకు నలభై దాటాయి. కాబట్టి మీరడిగిన సంగతి రోజూ కౌంటరుకి రెండువైపులా చూస్తున్నాను.

తీపి పెద్దగా తినని మనిషి ఒంట్లోకి పంచదార ఎలా చేరుతుందో ముందు చూడండి. మా వీధి టీ కొట్టులో గ్లాసుకి రెండు స్పూన్లకి తక్కువ పడదు. స్పూను నాలుగైదు గ్రాములు. రోజుకి నాలుగైదు టీలు తాగితే అక్కడికే నలభై గ్రాములు. పక్కన బిస్కెట్లు. జ్వరమొచ్చినవాళ్లకి పెట్టే మేరీ బిస్కెట్టుని ఎవరూ తీపి కింద జమ కట్టరు గానీ, చాలా రకాల్లో నూరు గ్రాములకి ఇరవై గ్రాముల పైనే పంచదార ఉంటుంది. వెనక సన్నక్షరాల్లో రాసే ఉంటుంది, చదివే ఓపిక ఉండాలంతే. మధ్యాహ్నం బేరాల్లేనప్పుడు నాకు ఆ ఓపిక బోలెడు. కూల్ డ్రింకులో నూరు మిల్లీలీటర్లకి 10, 11 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఏమందంటే, బయటినుంచి కలిపిన పంచదార, తేనె, పళ్లరసాల్లో తీపి అన్నీ కలిపి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం లోపు ఉండాలి. 2,000 కేలరీలు తినేవాళ్లకి అది 50 గ్రాములు. అందులో సగానికి, అంటే 25 గ్రాములకి దిగితే ఇంకా మేలంది. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు కూడా ఇంచుమించు అక్కడే గీత గీశాయి. పావు లీటరు కూల్ డ్రింకు ఒక్కటి తాగితే ఆ 25 అయిపోయినట్టే. ఇక పండక్కి తిన్న రెండు అరిసెల గురించి బెంగపడి ఏం లాభం? నా గొడవంతా తీపి అనిపించుకోకుండా రోజూ లోపలికి పోయే పంచదారతోనే.

అది లోపలికి వెళ్లి ఏం చేస్తుందన్నది నాకర్థమైనంతలో చెప్తాను. పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజుని ఒళ్లంతా వాడుకుంటుంది. ఫ్రక్టోజు పని మాత్రం చాలావరకు కాలేయం మీదే పడుతుంది. ఎక్కువగా వచ్చిపడితే కొవ్వుగా మార్చి కొంత తనలోనే దాచుకుంటుంది, కొంత ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు రూపంలో రక్తంలోకి వదులుతుంది. మద్యం వాసన కూడా తెలియనివాళ్లకి స్కానింగులో 'ఫ్యాటీ లివర్' అని రాసొస్తోందంటే అందులో దీని వాటా కొంత ఉంది. పైగా మనవాళ్లలో చాలామంది చూడ్డానికి సన్నగానే ఉంటారు, కొవ్వంతా పొట్ట లోపల పేరుకుంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల ఇండియాబ్ సర్వే 2023లో దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందనీ, ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారనీ అంచనా కట్టింది. నా దగ్గర షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ కొనేవాళ్లలో ముప్పై ఏళ్లవాళ్లు కనబడటం ఇప్పుడు వింతేమీ కాదు.

నా సంగతికొస్తే, రెండొందలు దాటిన ట్రైగ్లిజరైడ్లు టీలో పంచదార మానేశాక తర్వాతి పరీక్షకి నూటయాభై లోపుకొచ్చాయి. ఘనతంతా పంచదారదే అనను. అదే రోజుల్లో రాత్రి అన్నం కూడా తగ్గించాను. మూడుపూటలా తెల్లన్నమో, బియ్యప్పిండి టిఫినో తింటూ పంచదార ఒక్కదాన్నే తిట్టుకుంటే పనవదు.

ఇప్పుడు నా వృత్తిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టిన విషయం. ఎండాకాలంలో చంటిపిల్లకి విరేచనాలవుతుంటే తల్లి పరిగెత్తుకొస్తుంది. "అన్నయ్యా, ఓఆర్ఎస్ ఇవ్వండి" అంటూనే పళ్ల బొమ్మ ఉన్న రంగు డబ్బా చూపిస్తుంది. పేరులో ఆ మూడక్షరాలు ఇమిడి ఉంటాయి. చప్పటి పొడి పిల్ల ఊసేస్తుంది, ఇదైతే ఇష్టంగా తాగుతుంది. తాగక ఏం చేస్తుంది, లీటరుకి నూరు గ్రాములు దాటిన పంచదార ఉన్నవి కూడా అమ్మారు మరి. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకి గ్లూకోజు పదమూడున్నర గ్రాములే. ఉప్పు 2.6 గ్రాములు. ఆ కొద్దిపాటి గ్లూకోజు, ఉప్పులోని సోడియం జతగా పేగుగోడ దాటుతూ నీళ్లని తమ వెంట లోపలికి తీసుకుపోతాయి, దాని మహిమంతా ఆ కొలతలోనే ఉంది. తీపి మోతాదు మించితే తిరగబడుతుంది. ఒంట్లో నీళ్లు పేగులోకి గుంజుకొచ్చి విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి.

ఎంతమందికని విడమర్చి చెప్పగలం? చెబితే "పొడి ప్యాకెట్టు మీద లాభం ఎక్కువేమో" అని అనుమానంగా చూసినవాళ్లూ ఉన్నారు, నిజానికి ఆ డబ్బా కంటే పొడి ప్యాకెట్టు ధరే తక్కువ. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనిమీద ఏళ్లతరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు, ఉత్తరాలు రాశారు, వీడియోలు పెట్టారు. చివరికి 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని ఏ పానీయమూ పేరులో ఓఆర్ఎస్ అన్న మాట పెట్టుకోకూడదని ఆదేశమిచ్చింది. ఇప్పటికీ ఆ బొమ్మ గుర్తుపెట్టుకుని అడిగేవాళ్లున్నారు. పొడి ప్యాకెట్టే చేతిలో పెట్టి, దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపమ్మా, సగం సగం చెయ్యొద్దు అని చెప్పి పంపిస్తాను.

ప్యాకెట్ తిండి అన్నారు కదా, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. పాలు తోడెయ్యడం, ఇడ్లీ పిండి పులియబెట్టడం, ఆవకాయ పెట్టడం కూడా ప్రాసెసింగే. బ్రెజిల్‌లో సావో పాలో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మోంటెయిరో బృందం ఎంత ప్రాసెస్ చేశారన్నదాన్నిబట్టి తిండిని నాలుగు గుంపులు చేస్తే, అందులో నాలుగోదే ఇప్పుడందరూ అంటున్న 'అల్ట్రా ప్రాసెస్డ్'. నా మోటు గుర్తు ఒకటుంది. దినుసుల వరసలో మా ఆవిడ పోపులడబ్బాలోనూ గూట్లోనూ లేనివి ఎన్నున్నాయో చూస్తాను: మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్, ఎమల్సిఫయరు, అంకెలున్న రంగులు. ఏది ఎక్కువ బరువుంటే అది ముందు రాయాలన్నది రూలు, కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే సగం కథ తెలిసిపోతుంది. (లేబులే లేని ఎగ్ పఫ్, క్రీమ్ బన్ను సంగతి వేరు. నూనెలు, డాల్డాల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది, వీధి చివర బేకరీలో ఏం వాడుతున్నారో ఆ పైవాడికే తెలియాలి.)

2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ చేసిన ప్రయోగం నన్ను బాగా ఆకట్టుకుంది. ఇరవై మందిని తమ దగ్గరే ఉంచుకుని రెండు వారాలు ఈ నాలుగో గుంపు తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టారు. వడ్డించినదాంట్లో పంచదార, కొవ్వు, పీచు, ఉప్పు రెండువైపులా సమానంగా ఉండేలా చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ప్యాకెట్ తిండి ఉన్న రోజుల్లో మనిషికి రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. దాదాపు కిలో బరువు పెరిగారు. మామూలు వంట తిన్న రెండు వారాల్లో ఇంచుమించు అంతే తగ్గారు. తినే వేగం కూడా ప్యాకెట్ తిండికే ఎక్కువట. మా అమ్మాయి చిప్స్ ప్యాకెట్టు ఖాళీ చేసే తీరు చూశాక నాకు ఆశ్చర్యమెయ్యలేదు. అదే పిల్ల ఉడకబెట్టిన వేరుశనక్కాయలు గుప్పెడు తినడానికి సీరియల్ అంతసేపు తీసుకుంటుంది.

ఇక మనసు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. నాకు పదకొండు గంటలకీ, సాయంత్రం నాలుగున్నరకీ ఒక రకమైన గుంజుడు ఉండేది. చేతులు కొంచెం వణకడం, ఊరికే చిరాకు, చిల్లర లేదన్న మనిషి మీద కోపం. ఒక టీ పడితే సర్దుకునేది, రెండు గంటల తర్వాత మళ్లీ మొదలు. ఖాళీ కడుపున తీపి టీ, బిస్కెట్లు వేస్తే కొందరిలో ఇన్సులిన్ జోరుగా వచ్చి గ్లూకోజు తొందరగా కిందికి జారుతుంది. దాన్ని నిలబెట్టడానికి ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది. గుండెదడ, చెమట, వణుకు, కంగారు అన్నీ దాని పనులే. ఆందోళన జబ్బున్నవాళ్లకి కూడా అచ్చం ఇవే లక్షణాలు, అందుకే ఏది ఏదో తేల్చుకోవడం కష్టం. పొద్దున్న ఖాళీ టీకి బదులు రెండు పెసరట్లు తిని షాపుకి రావడం మొదలెట్టాక నాకు పదకొండు గంటల గుంజుడు పోయింది. నాలుగున్నరది తగ్గింది, పూర్తిగా పోలేదు.

తీపి తింటే హుషారొస్తుందనేది మాత్రం ఉత్తమాట. పాత ప్రయోగాలన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష 2019లో వచ్చింది. హుషారు మాట అటుంచి, తిన్న అరగంటలోపే అలసట, గంటలోపు మందకొడితనం కనబడ్డాయట. పిల్లలు స్వీట్లు తిని గెంతుతారన్నదీ అంతే. 1994లో ఒక పరీక్షలో పిల్లలకి పంచదార అసలు ఇవ్వకుండానే తల్లులతో "మీవాడికి పంచదార బాగా ఇచ్చాం" అని చెప్పారు. ఆ తల్లులకి తమ పిల్లలు మరీ అల్లరి చేస్తున్నట్టు కనిపించారు! పుట్టినరోజు ఫంక్షన్‌లో పాతికమంది పిల్లలు ఒకచోట చేరితే పంచదార లేకపోయినా గెంతుతారు.

డిప్రెషన్ దగ్గర కొంచెం గట్టి ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో ఫెలీస్ జాకా బృందం 2017లో ప్రచురించిన ప్రయోగంలో డిప్రెషన్ ఉన్న 67 మందిలో కొందరికి పన్నెండు వారాలు తిండి మార్చుకోవడంలో సాయం చేశారు: కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు పెంచి, మిఠాయిలు, వేపుళ్లు, ప్యాకెట్ సరుకు తగ్గించడం. మిగతావాళ్లకి కబుర్లు చెప్పే తోడు మాత్రం ఇచ్చారు. తిండి మార్చినవాళ్లలో మూడోవంతు మంది తేరుకుంటే, రెండో జట్టులో 8 శాతమే. చిన్న ప్రయోగం, ఏ జట్టులో ఉన్నదీ వాళ్లకి తెలుసు కాబట్టి ఆ ఫలితాన్ని కొంత తగ్గించి చూడాలి. అయినా తీసిపారెయ్యదగ్గది కాదు. మనసు బాగోనప్పుడే మనం చాక్లెట్టు వెతుక్కుంటామన్నదీ గుర్తుంచుకోండి, ఏది ముందో ఏది వెనకో చెప్పడం అంత సులువు కాదు. వీడియో చూసి "పంచదార మానేస్తున్నాను, ఈ మాత్రలు ఇంక అక్కర్లేదు కదండీ" అని డిప్రెషన్ మందుల చీటీ చూపించినవాళ్లు నాకు తెలుసు. ఆ ప్రయోగంలో ఉన్నవాళ్లలో చాలామంది చికిత్స కొనసాగిస్తూనే తిండి మార్చుకున్నారు. డాక్టరుని అడక్కుండా ఆ మాత్రలు ఆపకండి.

అందరూ అడిగేది ఇంకోటుంది, బెల్లం. అనకాపల్లి బెల్లం అంటే నాకూ ప్రాణమే, అయినా అందులో ఎక్కువ భాగం పంచదారే. ఇనుము, ఖనిజాలు కాస్త ఉంటాయి, టీలో వేసుకునే ముక్కతో వచ్చేది లెక్కలోకి రాదు. షుగరున్న పెద్దాయన "బెల్లం టీయేలే బాబూ" అని రెండు గ్లాసులు లాగిస్తే రీడింగు ఊరుకోదు. తేనె కథా ఇదే. షుగర్‌ఫ్రీ బిస్కెట్లలో పంచదార లేకపోయినా మైదా ఉంటుంది. పంచదారకి బదులు వేసుకునే తీపి మాత్రలు బరువు తగ్గడానికి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అంది. ఆ మాట షుగరు లేనివాళ్లకి చెప్పింది.

నేను మాన్పించుకున్న పద్ధతి మామూలుదే. టీ కొట్టాయనకి చెప్పి ముందు ఒకటిన్నర స్పూను, తర్వాత ఒకటి, తర్వాత అర. ఒక్కసారిగా మానితే నాలుక మొరాయిస్తుంది. కొన్ని వారాలకి నాలుకే మారింది. పెళ్లిళ్లలో కాఫీ ఇప్పుడు పాయసంలా అనిపిస్తుంది. మొదట్లో తలనొప్పి వచ్చింది, అది పంచదార వల్లో, టీలు తగ్గడం వల్లో చెప్పలేను. పూతరేకులు మాత్రం వదల్లేదు. ఆత్రేయపురం మాకెంత దూరం?

ఒక్క హెచ్చరిక. గ్లిమెపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడి మోతాదు సరిచేయించుకోండి, లేకపోతే షుగరు పడిపోతుంది. రీడింగు 70 కంటే తక్కువై చెమటలు, వణుకు ఉంటే అప్పుడు పంచదారే మందు. మనిషి తెలివిలో ఉండి మింగగలిగితేనే మూడు స్పూన్లు నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట ఆగి మళ్లీ చూడండి, పెరక్కపోతే ఇంకోసారి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ సమయంలో చాక్లెట్టు వద్దు, అందులో కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది.